ఇంటిపేరు పులికాట్

మన ఇంటిపేర్లలో సగానికి సగం ఊళ్ళ పేర్లే. ఏ ముత్తాతగారి ముత్తాతో ఏ కరువుకో, ఏ తగాదాకో ఊరు వదిలేసి వచ్చేస్తాడు. ఊరు మాత్రం ఆయన్ని వదలదు. పేరు ముందు కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. ఆడపిల్లల సంగతి మరీ విచిత్రం. పుట్టినప్పుడు ఒక ఊరు, మూడు ముళ్ళు పడగానే ఇంకో ఊరు. ఆ రెండు ఊళ్ళలో ఏదీ కళ్ళతో చూడకుండానే జీవితం గడిపేసిన వాళ్ళు మా చుట్టాల్లోనే అరడజను మంది ఉన్నారు.

ఈ ఇంటిపేర్ల గోల ఎందుకంటారా? ఆఫ్రికా ఖండం కొసన ఉన్న కేప్‌టౌన్ నగరంలో నాకు వారం రోజులపాటు బుర్రలో తిరిగింది ఇదే మరి. మావారికి అక్కడ ఆఫీసు పని. నాకూ మా అమ్మాయికీ ఊరు చూసే పని. ఏ ఊరికి వెళ్ళినా చూడవలసినవి ఇవీ అని ఒక పట్టీ ఇస్తారు కదా! కొండ, కోట, తోట, దీవి, దీపస్తంభం అన్నీ ఆ పట్టీలో ఉన్నాయి. అన్నీ చూశాం. కాని ఎక్కడికి వెళ్ళినా ఆ పట్టీలో లేని ఆడవాళ్ళు ఎవరో ఒకరు ఎదురవుతూనే వచ్చారు. వాళ్ళలో కొందరు మన సముద్రతీరం నుంచి వెళ్ళినవాళ్ళే.

ముందు కొంచెం చరిత్ర చెప్పుకోవాలి. బడి పుస్తకంలోలా కాదులెండి, క్లుప్తంగానే చెబుతాను. 1652 ఏప్రిల్ 6న యాన్ వాన్ రీబెక్ అనే డచ్చి ఉద్యోగి మూడు ఓడలతో అక్కడ దిగాడు. రాజ్యం స్థాపించడానికి కాదు, కూరగాయలు పండించడానికి! హాలెండు నుంచి తూర్పు దేశాలకి నెలల తరబడి సాగే ప్రయాణంలో నావికులకి తాజా ఆహారం దొరక్క చిగుళ్ళు వాచి చచ్చిపోయేవారు. దారి మధ్యలో ఒక కూరగాయల దొడ్డి ఉంటే బాగుంటుందని డచ్చి ఈస్టిండియా కంపెనీ ఆలోచన. ఆ దొడ్డి ఇప్పటికీ ఉంది. ఊరి నడిబొడ్డున ‘కంపెనీస్ గార్డెన్’ అంటారు. అక్కడ ఊతకర్రలు పెట్టి నిలబెట్టిన ముసలి బేరిచెట్టు ఒకటి ఉంది. దక్షిణాఫ్రికాలో మనిషి నాటిన చెట్లలో అన్నిటికంటె పాతది అదేనంటారు.

కూరగాయలు కావాలన్నవాడికి పాదులు తవ్వేవాళ్ళు కావాలి, వంటవాళ్ళు కావాలి, బట్టలుతికేవాళ్ళు కావాలి. అక్కడి పశువుల కాపరులైన ఖోయ్‌ఖోయ్ జనం ఆ చాకిరీకి ఒప్పుకోలేదు. దాంతో కంపెనీ బానిసల్ని తెప్పించడం మొదలుపెట్టింది. 1808 దాకా సుమారు 63 వేలమందిని ఓడల్లో తెచ్చారని చరిత్రకారుల అంచనా. మడగాస్కర్ నుంచి, మొజాంబిక్ నుంచి, ఇండోనేషియా దీవుల నుంచి, మన దేశం నుంచి. ఈ నాలుగు చోట్ల నుంచీ ఇంచుమించు తలా పాతిక వంతు అనుకోండి.

మన దేశం నుంచి ఎలాగా అంటే, ఆ డచ్చి కంపెనీ అప్పటికే మన తీరంలో పాతుకుపోయి ఉంది. మచిలీపట్నంలో, నిజాంపట్నంలో 1606 నాటికే వాళ్ళ కొట్లు వెలిశాయి. ఆ తర్వాత పులికాట్‌లో ‘గెల్డ్రియా’ అని కోట కట్టారు. మన సూళ్ళూరుపేట పక్క సరస్సు ఉంది చూడండి, పెద్దవాళ్ళు ప్రళయకావేరి అనేవారు, ఆ పులికాట్‌ సరస్సుకి దక్షిణపు కొసన ఉన్న ఊరది. మన నేతగాళ్ళ బట్టలు కొని, జావా పక్క దీవులకి తీసుకుపోయి, వాటికి బదులు మసాలా దినుసులు కొనడం వాళ్ళ వ్యాపారం. బందరు అద్దకాలంటే అక్కడ అంత మోజు! మనం చరిత్రలో చదువుకున్నది ఇంతవరకే. చదువుకోనిది ఏమిటంటే, ఆ బట్టల మూటలు మోసిన ఓడలే మనుషుల్నీ మోశాయి. మన తీరంలో కరువు వచ్చిన ఏడాది మనిషి ధర పడిపోయేది, ఓడల్లో తలల లెక్క పెరిగేది. పిల్లల్ని అమ్ముకున్న తల్లిదండ్రులూ ఉన్నారు, తమని తామే అమ్ముకున్నవాళ్ళూ ఉన్నారు.

కొన్నవాడు మొట్టమొదట చేసే పని పేరు మార్చడం. అమ్మ పెట్టిన పేరు పలకడానికి వాడికి నోరు తిరగదు కదా! కాత్రిన్, ఆంజెలా, కోరిడాన్... నోటికి ఏది వస్తే అది. వెనకాల ఊరి పేరు తగిలించడం. బెంగాల్ నుంచి వస్తే ‘వాన్ బెంగాల్’. మన తీరం నుంచి వస్తే ‘వాన్ కోరమాండల్’. పులికాట్ నుంచి అయితే ‘వాన్ పలియకట్టా’. అంటే ఇంటిపేరన్నమాట! మన ఇంటిపేరులో ఉన్నది మన పెద్దవాళ్ళు బతికిన ఊరు. వాళ్ళ ఇంటిపేరులో ఉన్నది చాలాసార్లు వాళ్ళని ఓడ ఎక్కించిన రేవు. కొందరికి అదీ లేదు. నెలల పేర్లు పెట్టేశారు. ఇవాళ కూడా కేప్‌టౌన్‌లో ఫిబ్రవరి, సెప్టెంబరు అనే ఇంటిపేర్లు గలవాళ్ళున్నారు. “అమ్మా, గోడమీది క్యాలెండరు చూసి పేర్లు పెట్టారే వీళ్ళకి!” అంది మా అమ్మాయి. నవ్వుతూనే అంది గాని, ఆ తర్వాత చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఇంక ఊళ్ళోకి వద్దాం. ముందు కోట. ‘కాసిల్ ఆఫ్ గుడ్ హోప్’ అంటారు. 1666లో మొదలుపెట్టి 1679లో పూర్తిచేశారు. అయిదు మూలలు, మూలకో బురుజు, పైనుంచి చూస్తే నక్షత్రంలా ఉంటుంది. ఒకప్పుడు అలలు గోడ దాకా వచ్చేవట. తర్వాత సముద్రాన్ని పూడ్చి ఊరు పెంచారు. కోట పక్కన విశాలమైన మైదానం ఉంది, ‘గ్రాండ్ పెరేడ్’ అని. ఈ రాతి కోటకి ముందు వాన్ రీబెక్ కట్టుకున్న మట్టి కోట ఉన్నది ఆ తావులోనే.

ఆ మట్టి కోటలోకి 1657లో ఒక స్త్రీ వచ్చింది. కాగితాల్లో ఆమె పేరు కాతరీనా వాన్ పలియకట్టా. అందరూ ‘గ్రోటె కాత్రిన్’ అనేవారు. పెద్ద కాత్రిన్ అని అర్థం. పులికాట్ పిల్ల. బటావియాలో, అంటే ఇప్పటి జకార్తాలో, బానిసగా ఉండేది. తన మీద చెయ్యి చేసుకున్న ప్రియుణ్ణి ఎదిరించిన పెనుగులాటలో అతను చనిపోయాడు. 1656లో మరణశిక్ష వేశారు. తర్వాత దయతలచి, దాన్ని యావజ్జీవ ప్రవాసంగా మార్చి ఇక్కడికి పంపారు. ఇక్కడ ఆమె పని కమాండరుగారింటి బట్టలుతకడం. కేప్‌కి శిక్ష మీద పంపిన ఆడవాళ్ళలో కాగితాలకెక్కిన మొదటి మనిషి ఈమే. ఇప్పటి రోజుల్లో అయితే ఆత్మరక్షణ అనే మాట ఒకటి ఉంది. ఆనాడు ఆమె తరఫున ఆ మాట అనేవాళ్ళెవరు?

ఆమె కథ అక్కడితో ఆగలేదు. హాన్స్ క్రిస్టాఫెల్ అనే సైనికుడి వల్ల ఆమెకి ఒక కొడుకు పుట్టాడు. 1669లో ఆ పిల్లవాడికి బాప్తిస్మం ఇచ్చారు. ఆమెకి స్వేచ్ఛ వచ్చాక, 1671లో బెంగాల్ నుంచి వచ్చిన ఆంథొనీ అనే విముక్తుణ్ణి పెళ్ళి చేసుకుంది. ఆ కొడుకు క్రిస్టాఫెల్ స్నేమన్ పెద్దవాడై, ఫ్రాన్సు నుంచి మతహింసకి పారిపోయి వచ్చిన మంచి కుటుంబంలోని పిల్లని చేసుకున్నాడు. దక్షిణాఫ్రికాలో ఇవాళ స్నేమన్ అనే ఇంటిపేరుతో ఉన్న కుటుంబాలకి మూలపురుషుడు ఆయనే. మూలస్త్రీ ఎవరో మీకిప్పుడు తెలుసు! తెల్లవాళ్ళకీ నల్లవాళ్ళకీ పెళ్ళిళ్ళు జరగకూడదని 1949లో ఆ దేశంలో చట్టం చేశారు. ఆ చట్టానికి చేతులెత్తిన పెద్దమనుషుల్లో ఎంతమంది ముత్తవ్వలు మన సముద్రం నీళ్ళు తాగి పెరిగినవాళ్ళో వాళ్ళ వంశవృక్షాలనే అడగాలి.

కోటతో ముడిపడిన ఇంకో స్త్రీ క్రోటోవా. ఈమె అక్కడి ఖోయ్‌ఖోయ్ పిల్ల. చిన్నప్పుడే వాన్ రీబెక్ ఇంట్లో పనికి చేరింది. డచ్చి, పోర్చుగీసు భాషలు గడగడా నేర్చుకుంది. రెండు జాతుల మధ్య బేరసారాలకీ, సంధి మాటలకీ ఆమే దుబాసీ. 1664లో ఒక డచ్చి కంపెనీ వైద్యుణ్ణి పెళ్ళి చేసుకుంది. భర్త పోయాక అటువాళ్ళకీ ఇటువాళ్ళకీ కాకుండా పోయింది. తాగుడు మరిగిందన్నారు, పిల్లల్ని తీసేసుకున్నారు, దీవికి పంపారు. 1674లో చనిపోతే మాత్రం తెచ్చి కోటలోని చర్చిలో ఖననం చేశారు. ఉన్నన్నాళ్ళు చోటివ్వనివాళ్ళు పోయాక చోటివ్వడం మనకి కొత్తేమీ కాదులెండి.

కోట నుంచి నడిచి వెళ్ళేంత దూరంలోనే ‘స్లేవ్ లాడ్జ్’ ఉంది. 1679లో కట్టిన బానిసల కొట్టం. బయటివైపు సరైన కిటికీలు లేవు, చువ్వలు బిగించిన సందులు మాత్రమే. కంపెనీ సొంత బానిసల్ని రాత్రిళ్ళు ఇందులో పెట్టి తాళం వేసేవారు. సాయంత్రం ఓ గంటసేపు సైనికులు లోపలికి వెళ్ళేవారు. ఎందుకు వెళ్ళేవారో మీలాంటి పాఠకులకి విడమరిచి చెప్పనక్కరలేదు. బానిసలు పోయాక ఆ భవనం సర్కారు కచేరీ అయింది, న్యాయస్థానం అయింది, చివరికి మ్యూజియం అయింది. దాని అసలు పేరు దానికి తిరిగి పెట్టింది 1998లో. లోపల ఒక గదిలో వెలుగుతున్న స్తంభం ఉంది. దాని చుట్టూ వలయాల మీద పేర్లు. చేత్తో తిప్పితే తిరుగుతాయి. మా అమ్మాయి తిప్పుతూ ఉంటే నేను చదివాను. బయట చర్చ్ స్క్వేర్‌లో 2008లో పెట్టిన 11 రాతి దిమ్మలున్నాయి. వాటిలో కొన్నిటి మీదా పేర్లే. పక్క వీధిలో, బానిసల్ని వేలం వేసిన చెట్టు ఉన్నచోట, రోడ్డు మధ్య ఒక చిన్న రాయి ఉంది. చూసుకోకపోతే దాటిపోతాం.

1834 డిసెంబరు 1న బానిసత్వం రద్దయింది. అయినా ‘పని నేర్చుకోవడం’ పేరిట ఇంకో నాలుగేళ్ళు పాత యజమానుల దగ్గరే ఉంచారు. ఎనభై ఏళ్ళ వంటమనిషికి పని నేర్పుతారట!

విడుదలైనవాళ్ళలో చాలామంది కొండ వాలున చేరిన పేట ‘బో-కాప్’. పచ్చ, పసుపు, గులాబి, నీలం రంగుల ఇళ్ళు పట్టుచీరెలు మడతపెట్టి వరసగా పేర్చినట్టు ఉంటాయి. దక్షిణాఫ్రికాలో మొదటి మసీదు, ‘అవ్వల్’ మసీదు, ఇక్కడే 1794లో వెలిసింది. దానికి స్థలం ఇచ్చింది ఒక స్త్రీ. సార్చీ వాన్ డి కాప్ అని, సింహళం నుంచి వచ్చిన విముక్త బానిస కూతురు. మసీదులో మొదటి ఇమాము ‘తువాన్ గురు’ ఇండోనేషియా దీవి రాకుమారుడు. రాబెన్ ఐలాండ్‌లో ఖైదీగా ఉండి ఖురాను మొత్తం జ్ఞాపకం నుంచి రాశాడాయన. తువాన్ అంటే అయ్యగారు. గురువు అంటే గురువే. మన మాట ఎంత దూరం తిరిగిందో చూడండి!

ఈ పేట వంటలు రుచి చూడకుండా రాకూడదు. సమోసాని ‘సమూసా’ అంటారు, రొట్టెని ‘రోటీ’ అనే అంటారు, ఊరగాయని ‘అచార్’ అంటారు. కూరలో కారం మనకి చాలదు గాని, పసుపు, ధనియాలు, దాల్చినచెక్క వాసన మాత్రం మన వంటింటిదే. పేరు పోయింది, భాష పోయింది, దేవుడు మారాడు. పోపు మాత్రం పోలేదు. ఎందుకంటే యజమాని కలం కాగితం మీదనే నడుస్తుంది, పొయ్యి దగ్గర ఆడవాళ్ళ చెయ్యి నడుస్తుంది.

కోటకి అవతలివైపు ఇలాంటిదే ఇంకో పేట ఉండేది, ‘డిస్ట్రిక్ట్ సిక్స్’. అన్ని రంగులవాళ్ళూ గోడలు ఆనించుకుని బతికిన చోటు. 1966 ఫిబ్రవరి 11న ప్రభుత్వం అది తెల్లవాళ్ళ ప్రాంతమని ప్రకటించింది. అరవై వేలమందికి పైగా జనాన్ని దూరపు ఇసకనేలలకి తరిమి, ఇళ్ళు బుల్డోజర్లతో కూల్చారు. 1994లో అక్కడి పాత చర్చిలో మ్యూజియం పెట్టారు. నేల మీద ఆ పేట పటం పరిచారు. వచ్చినవాళ్ళు తమ ఇల్లు ఉన్నచోట పేరు రాసుకున్నారు. నాకు అన్నిటికంటె నచ్చింది అక్కడి పొడుగాటి గుడ్డ. పేట పాత మనుషులు దాని మీద పేర్లూ జ్ఞాపకాలూ రాస్తే, ఆడవాళ్ళు ఆ అక్షరాల వెంటే దారంతో కుట్టారు. మనం దిండు గలీబుల మీద పువ్వులు కుడతాం, వాళ్ళు చెరిగిపోయిన ఇంటి చిరునామాలు కుట్టారు. సరిగ్గా 24 ఏళ్ళకి, 1990 ఫిబ్రవరి 11న, జైలు నుంచి విడుదలైన నెల్సన్ మండేలా గ్రాండ్ పెరేడ్ ఎదురుగా సిటీహాలు వసారాలోంచి జనంతో మాట్లాడాడు. జనం నిండి నిలబడ్డ ఆ మైదానమే కాత్రిన్ బట్టలుతికిన కోట తావు.

ఇక టేబుల్ మౌంటెన్. పైన బల్లపరుపుగా 1,085 మీటర్ల ఎత్తు. 1929 నుంచీ తీగె మీద నడిచే బండి ఉంది. ఇప్పటి బండిలో నేల గుండ్రంగా తిరుగుతుంది, కిటికీ సీటు కోసం దెబ్బలాడుకోనక్కరలేదు. గాలి వీస్తే మాత్రం బండి ఆపేస్తారు. ఊళ్ళోని మురికిని ఊడ్చేస్తుందని ఆ గాలికి ‘కేప్ డాక్టరు’ అని పేరు. నడిచి ఎక్కేవాళ్ళు ‘ప్లాటెక్లిప్’ లోయ దారి పడతారు. ఆ మాటకి అర్థం ‘చదునుబండ’. అక్కడి వాగులో బానిస స్త్రీలు ఊరందరి బట్టలూ ఉతికేవారు. ఇవాళ మంచి బూట్లు వేసుకుని ఉత్సాహంగా ఎక్కేవాళ్ళలో అది చాకిరేవు అని ఎందరికి తెలుసో!

ఒక్కరోజు ప్రయాణాలు చెప్పి ముగిస్తాను. రాబెన్ ఐలాండ్‌కి రేవు నుంచి పడవలో వెళ్ళాలి. మండేలా తన 27 ఏళ్ళ జైలు జీవితంలో 18 ఏళ్ళు గడిపిన దీవి అది. ఆయనకి మూడు వందల ఏళ్ళ ముందు క్రోటోవా అక్కడే కాలం వెళ్ళదీసింది. కొండకి అవతల కర్స్టెన్‌బాష్ తోటలో వాన్ రీబెక్ 1660లో నాటించిన చేదుబాదం కంచె ముక్క ఇంకా పచ్చగానే ఉంది. ఖోయ్‌ఖోయ్ జనాన్నీ వాళ్ళ పశువుల్నీ ఇవతలికి రానివ్వకుండా వేసిన కంచె.

అక్కడికి దగ్గరలోనే కాన్‌స్టాన్షియా ద్రాక్షతోటలు. 1685లో గవర్నరు సైమన్ వాన్ డెర్ స్టెల్ సంపాదించిన భూమి. స్టెలెన్‌బాష్ పట్నానికీ, సైమన్స్ టౌన్ రేవుకీ ఈయన పేరే. ఈ దొరగారి అమ్మమ్మ మోనికా, మన పడమటి తీరం నుంచి వెళ్ళిన విముక్త బానిస! ఆ తర్వాత కొన్నాళ్ళకి ఆ తోట యజమానురాలైన ఆనా డి కోనింగ్ కూడా బెంగాల్ నుంచి బానిసగా వచ్చిన ఆంజెలా కూతురే. ఆనా చిత్రపటం ఉంది. మెడలో ముత్యాలు, ముఖంలో ధీమా. తల్లి పటం లేదు.

సైమన్స్ టౌన్ దగ్గర బౌల్డర్స్ బీచిలో పెంగ్విన్ పక్షులు నల్లకోటు ప్లీడర్లలా నడుస్తూ ఉంటాయి. 1982లో రెండు జంటలు వచ్చి కాపురం పెట్టి వేలకి పెరిగాయి. తిండి చేపలు తగ్గి ఇప్పుడు మళ్ళీ తరిగిపోతున్నాయి. 2024లో ఈ జాతిని తీవ్ర ప్రమాదంలో ఉన్నవాటి జాబితాలో చేర్చారు.

అక్కడి నుంచి ఇంకా దక్షిణంగా వెళితే కేప్ పాయింట్. 1488లో వచ్చిన పోర్చుగీసు నావికుడు డియాస్ దీన్ని ‘తుపానుల అగ్రం’ అన్నాడట. వ్యాపారానికి ఆ పేరు బాగాలేదని రాజుగారు ‘గుడ్ హోప్’ అని మార్చారట. పేర్లు మార్చడం అప్పటి నుంచీ ఉన్నదేనన్నమాట. అక్కడి కొండ కొమ్మున 1860లో ఒక దీపస్తంభం కట్టారు. ఎంతో ఎత్తున, ఎంతో దర్జాగా. తీరా చూస్తే మబ్బు పట్టినప్పుడల్లా దీపం మబ్బులో మునిగిపోయేది, కింద ఓడలకి కనబడేది కాదు. 1911లో ఒక పోర్చుగీసు ఓడ రాళ్ళకి కొట్టుకున్నాక గాని తెలిసిరాలేదు. 1919లో కింద, సముద్రానికి దగ్గరగా, ఇంకో దీపం వెలిగించారు. దారి చూపేది ఇప్పుడు అదే.

చరిత్ర దీపం కూడా గవర్నర్ల ఎత్తునే వెలిగితే మనలాంటివాళ్ళకి కనబడేది మబ్బే. కాస్త కిందికి దించి చాకిరేవు దగ్గర పెడితే, పులికాట్ పిల్ల ముఖం కనిపిస్తుంది. మీలో ఎవరైనా సూళ్ళూరుపేట వైపు, శీతాకాలంలో ఆ సరస్సుకి వచ్చే పక్షుల్ని చూడ్డానికి వెళితే, ఆ నీటికి దక్షిణపు కొసన ఒక రేవు ఉందనీ, అక్కడి నుంచి వెళ్ళిన పక్షులు కొన్ని తిరిగి రాలేదనీ పిల్లలకి చెప్పండి.